ఉద్దానం ఉప్పుగాలిలో ఒక కండెన్సర్

రేడియో పని నేర్చుకుంటున్న కుర్రవాళ్లు అప్పుడప్పుడు పలాసలోని మా ఇంటికి వస్తారు. చేతిలో పాడైన కండెన్సర్ ఒకటి ఉంటుంది. దాని మీద అంకె చెరిగిపోయి ఉంటుంది, లేదా పైన పోసిన మైనం కరిగి కారిపోయి ఉంటుంది. "దీని బదులు ఏది వెయ్యమంటారు?" అని అడుగుతారు. నేను జవాబు చెప్పకముందే, "బజార్లో ఇదే సైజుది ఉందండి, అది వేసేస్తే చాలు కదా?" అంటారు.

చాలదు. ఎందుకు చాలదో చెప్పడానికి కూర్చుంటే నాకు ఒక ఓడ, ఒక గ్రామఫోన్, మా ఇనస్పెక్టరు సుందరం గారు గుర్తొస్తారు. వచ్చిన కుర్రాడికి అంత ఓపిక ఉండదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నేను రైల్వేలో టెలిగ్రాఫ్ మేస్త్రీగా బతుకంతా గడిపాను. ఎప్పుడు చేరానో, ఏ హోదా ఎప్పుడు వచ్చిందో రాయడం లేదు. అవి నాకు తప్ప ఎవరికీ పనికిరావు. పని ఎలా ఉండేదో మాత్రం చెబుతాను.

వినడం

పలాస నుంచి అటు ఇటు పట్టాల పక్కన స్తంభాలు ఉండేవి, వాటి మీద తీగలు. తీగ తెగితే కట్టాలి. పింగాణీ గుబ్బల మీద ఉప్పు పేరుకుంటే తుడవాలి. స్టేషన్లలో కబుర్లు అందుకునే యంత్రం నోరు మూసుకుంటే విప్పి చూడాలి. కాగితం మీద మా పని అదే.

అసలు పని వినడం. ట్రాలీ మీద పోతుంటే తూర్పుగాలికి తీగలు పాడేవి. ఒక్కో చోట ఒక్కో గొంతు. టెక్కలి వైపు పొలాల మధ్య సన్నగా, ఈల వేసినట్టు. సముద్రం ఒడ్డునున్న ఉద్దానం వైపు నుంచి గాలి వస్తే బొంగురుగా, నిద్రలో ఎవరో మూలిగినట్టు. మధ్యాహ్నం ఎండలో ట్రాలీ తోసేవాళ్లు కూడా మాటలు మానేసి ఊరికే నడుస్తుంటే, నాకు మెలకువో నిద్రో తెలిసేది కాదు. పట్టాల కింద రాళ్లు, పైన ఆ పాట, దూరంగా మహేంద్రగిరి నీలంగా పొగలాగా. ఆ పాటలో ఏదైనా మారితే మాత్రం ఒళ్లు దానంతటదే లేచి కూర్చునేది. ఎక్కడో తీగ సడలింది అన్నమాట.

ఇది నాకు నేర్పింది సుందరం గారు. బరంపురం మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ బొత్తాలు పెట్టిన కోటులో ఉండేవారు. ఆయన నవ్వగా చూసినవాళ్లు మా లైనులో ఎవరూ లేరు. నేను చేరిన కొత్తలో నన్ను ఒక స్తంభం దగ్గరికి తీసుకెళ్లి, "చెవి ఆనించు" అన్నారు. ఆనించాను.

"ఏం వినబడుతోంది?"

"గాలండి."

"రేపు మళ్లీ ఆనించు."

వారమంతా అదే పని. చివరికి ఒకరోజు, "పక్క స్తంభం మీద గుబ్బ పగిలిందేమోనండి" అన్నాను. ఎక్కి చూడమని ఆయన నిచ్చెన చూపించారు. పగిలే ఉంది.

పై అధికారిగా ఆయన మంచివారా అంటే చెప్పడం కష్టం. ఎవరికీ మెచ్చుకోలు మాట దక్కేది కాదు. సెలవు అడిగితే మొహం తిప్పుకునేవారు. కానీ ఆయన దగ్గర నేర్చుకున్నవాడి చేతిలో పని చెడిపోవడం నేను చూడలేదు.

మూడు ప్రశ్నలు

ఇక కండెన్సర్. కొత్తవాళ్లకు చెబుతున్నాను కాబట్టి మొదటినుంచీ. రెండు లోహపు రేకులు, అవి ఒకదాన్నొకటి తాకకుండా మధ్యలో ఒక పొర. ఆ పొర కాగితం కావచ్చు, గాజు కావచ్చు, అభ్రకం కావచ్చు. రేకులకు కరెంటు చూపిస్తే కాసేపు తనలో దాచుకుంటుంది, అడిగితే తిరిగి ఇస్తుంది. అంతకు మించి ఏమీ లేదు.

పాతదాని బదులు కొత్తది ఎంచుకునేటప్పుడు సుందరం గారు మూడు ప్రశ్నలు అడగమనేవారు. ఎంత దాచుకుంటుంది? ఎంత ఒత్తిడికి తట్టుకుంటుంది? దాచుకున్నదాన్ని ఎంతసేపు కారిపోకుండా ఉంచుకుంటుంది? మొదటి రెండింటికి జవాబు దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. మూడోదానికి ఉండదు. మన ప్రాంతంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ మూడోదే. సముద్రపు తేమ కాగితంలోకి దిగితే కండెన్సర్ చూడ్డానికి నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల మాత్రం చిల్లుపడ్డ బిందె.

దాన్ని పట్టుకునే ఉపాయం తేలిక. బ్యాటరీకి ఒకసారి తాకించి పక్కన పెట్టండి. కొంతసేపు ఆగండి. తర్వాత చెవికి పెట్టుకునే ఫోను తీగలు దానికి తాకించండి. దాచుకున్నది ఇంకా ఉంటే చెవిలో టక్కుమంటుంది. కారిపోయి ఉంటే ఏమీ వినబడదు. ఇప్పుడు మీటర్లు వచ్చాయి, నేను కాదనను. అయినా ఆ టక్కు కోసం ఊపిరి బిగబట్టి కూర్చునే క్షణం ఉంది చూశారూ, మీటరు ముల్లు కదిలితే అది రాదు.

లోకనాథం నాయుడి పెట్టె

ఉద్దానంలో సముద్రపు హోరు వినబడే ఒక ఊళ్లో లోకనాథం నాయుడు అనే రైతు ఉండేవాడు. కొబ్బరి, జీడి తోటలు దండిగా ఉన్న మనిషి. అందరూ భూమి కొనే రోజుల్లో ఆయన గ్రామఫోన్ కొన్నాడు. సాయంత్రమైతే అరుగు మీద పెట్టి తిప్పేవాడు. నాటకాల పద్యాలు, హార్మోనియం పాటలు. ఊరంతా వచ్చి కూర్చునేది. చుట్టుపక్కల ఊళ్లలో పాట అంటే అదొక్కటే.

ఆ తర్వాత ఏ పత్రికలో చూశాడో, కలకత్తా నుంచి రేడియో సామాను తెప్పించాడు. విడివిడి ముక్కలుగా వచ్చేది. బొమ్మ చూసి మనమే కూర్చుకోవాలి. కూర్చాడు. పలకలేదు. పలాస స్టేషన్లో టెలిగ్రాఫ్ మేస్త్రీ ఉన్నాడని ఎవరో చెబితే నా కోసం బండి పంపాడు.

నేను వెళ్లి రెండు తీగలు మార్చేసరికి పెట్టె బతికింది. మొదట ఈల. తర్వాత ఎక్కడో కలకత్తాలో ఎవరో పాడుతున్నారు, పాట అలల మీద తేలుతూ మునుగుతూ వచ్చింది. నాయుడు నా భుజం పట్టుకుని ఊపేశాడు.

"ఓరి నీ తస్సాదియ్యా! ఎక్కడి కలకత్తా, ఎక్కడి మన ఊరు! ఇది పాటేనా మేస్త్రీ, నాకు కల వత్తందా?"

ఆ సెట్టుకు పక్కన ఒక మీట ఉండేది. దాన్ని నొక్కితే ఇంకో కండెన్సర్ కలిసి, పాటల కెరటాలు వదిలేసి ఓడల కెరటాలు పట్టుకునేది. అప్పట్లో ఓడలు మాట్లాడేవి కావు, మా టెలిగ్రాఫ్ లాగే చుక్కలూ గీతలూ పంపేవి. మా యంత్రంలో అవి టకటకలుగా వినబడేవి, ఇక్కడ పిట్ట కూతల్లాగా. చెవికి అలవాటు పడడానికి కొంతకాలం పట్టింది. పట్టాక మాత్రం ఆ అరుగు మీద కళ్లు మూసుకుని కూర్చుంటే బంగాళాఖాతమంతా చెవిలో ఉన్నట్టుండేది. ఒక్కో ఓడకు ఒక్కో పిలుపు, నాలుగేసి అక్షరాలు. చీకట్లో ఎవరెవరో ఎవరెవరినో పేరు పెట్టి పిలుచుకుంటున్నట్టు. కొబ్బరాకుల గలగల అవతల నిజం సముద్రం, ఫోనులో ఈ రెండో సముద్రం.

మన ఊళ్ల నుంచి మగవాళ్లు రంగం పోయే రోజులవి. రంగం అంటే రంగూన్. కోతలయ్యాక బారువ రేవులో ఓడ ఎక్కి, అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనికి పోయేవారు. ఆ ఓడ వెళ్లిన రోజు నాయుడు అరుగు మీద ఆడవాళ్లు కూర్చునేవారు. నేను ఫోను పెట్టుకుని ఆ ఓడ పిలుపు వినబడగానే వేలు ఎత్తేవాణ్ణి. అంతే, ఇంకేమీ చెప్పేవాణ్ణి కాదు. వేలు ఎత్తితే వాళ్లకు చాలు. ఓడ పోతోంది అని.

వాళ్లలో దాలమ్మ అనే మనిషి ఉండేది. వరసకి నాయుడికి మేనకోడలు. ఆవిడ భర్త సిమ్మయ్య ఏటా రంగం పోయేవాడు. నేను వేలు ఎత్తినప్పుడల్లా ఆవిడ ఒక్కర్తే అడిగేది: "ఎలగుంది బాబూ దాని గొంతు? బాగుందా?"

"బాగుందమ్మా" అనేవాణ్ణి. ఓడ గొంతు ఎలా ఉందని అడిగిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

పెద్దది వేస్తే

ఒక వర్షాకాలంలో ఆ మీట కింది కండెన్సర్ పోయింది. నాయుడు నన్ను అడగకుండానే కలకత్తాకు రాసి కొత్తది తెప్పించాడు. కాగితం పొరది. పాతదానికన్నా లావుగా, మెరిసే రేకు డబ్బాలో ఉంది.

"ఇది వద్దండి. దాచుకునేది సరిపోయింది గానీ, మీ గాలికి కాగితం నిలవదు. అభ్రకంది తెప్పిద్దాం" అన్నాను.

"సూడు మేస్త్రీ, ఎంత గట్టిగా ఉందో! డబల్ ఒత్తిడికి తట్టుకుంటాదని రాసున్నాది. పెద్దది ఏస్తే మంచిదే గాని సెడ్డదవుతాదేటి?"

డబ్బిచ్చి తెప్పించుకున్న మనిషి, ముచ్చటపడుతున్నాడు. వేశాను. బాగానే పలికింది కూడా. ఇలాంటి చోట కండెన్సర్ అంత మోసగాడు ఇంకొకడు ఉండడు. వేసిన రోజున అందరూ మంచివాళ్లే.

తీగ మీది మాట

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

టెక్కలి స్టేషన్లో ఒకసారి చావు కబురు ఒకటి వచ్చింది. ఒక భూస్వామి ఇంటికి చెందినది. టెలిగ్రాం అందుకున్న గుమస్తా జాలిపడి, కాగితం బంట్రోతు చేతికి ఇచ్చేలోపే జట్కావాడితో నోటిమాటగా చెప్పి పంపాడు. జట్కావాడు తమ్ముడి పేరు బదులు అన్న పేరు చెప్పాడు. కాగితం చేరేసరికి ఆ ఇంట్లో బతికున్న మనిషి కోసం ఏడుపులు. ఆ బతికున్న మనిషే పొలం నుంచి వచ్చి, తన ఇంటి ముందు గుమిగూడిన జనాన్ని చూసి కుప్పకూలాడు. లేచాడు, బతికాడు. ఆ తర్వాత ఆయన మాట తడబడేదని చెప్పుకున్నారు.

సుందరం గారు మా అందరినీ నిలబెట్టారు. అరవలేదు. "తీగ మీద వచ్చిన మాట మన నోట్లోది కాదు. ఎవరిది వారికి కాగితం మీద చేరాలి. జాలి పడితే ఇంటికి వెళ్లి పడండి" అన్నారు. గుమస్తా ఉద్యోగం పోయింది. రూలు కూడా అదే. విన్నది బయట చెప్పబోమని ప్రమాణం చేసే మేము పనిలో చేరేది. ఆ రోజు నుంచి సుందరం గారి ఎదుట వాతావరణం గురించి మాట్లాడడానికి కూడా మేము జంకేవాళ్లం.

కబురు లేని ఓడ

ఆ ఏడు సిమ్మయ్య, మరికొందరు ఎక్కిన ఓడ బారువ నుంచి బయల్దేరింది. వెళ్లిన మర్నాడు తూర్పున గాలి లేచింది. మన ఒడ్డుకు తుఫాను రాలేదు, మబ్బు మాత్రం పట్టి వదల్లేదు. సముద్రం మట్టిరంగుకి తిరిగింది.

ఓడ రంగం చేరవలసిన రోజు దాటింది. బారువలో ఓడ ఏజెంటు, "నాకేమీ తెలియదు" అన్నాడు. సంతలో ఎవరో, ఓడ మునిగిందన్నారు. ఎవరు అన్నారంటే ఎవరూ కాదు. కానీ మాట ఊరు చేరింది.

లోకనాథం నాయుడు మీట నొక్కాడు. పెట్టె పలకలేదు. పాటలు వస్తున్నాయి, ఓడలు రావడం లేదు. నా కోసం బండి పరుగున వచ్చింది. బండి తోలుకొచ్చినవాడు ఏడుస్తున్నాడు. వాడి అన్న కూడా ఆ ఓడలోనే ఉన్నాడు.

ఆ రోజు సుందరం గారు తనిఖీకి పలాస వచ్చి ఉన్నారు. సెలవు అడగడానికి భయపడుతూనే వెళ్లాను. జరిగింది చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏ కండెన్సర్ వేశావు?"

"కాగితానిదండి."

"ఉద్దానంలోనా?"

నేను తల దించుకున్నాను. ఆయన కోటు సర్దుకున్నారు. "పద, నేనూ వస్తాను" అన్నారు.

బండిలో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. జీడితోటల మధ్య ఇసుకదారి. చక్రాలు చప్పుడు చెయ్యడం లేదు. మబ్బు కింద ఆకులన్నీ తడిగా, నల్లగా, కదలకుండా ఉన్నాయి. ఎవరో లోకమంతటికీ దుప్పటి కప్పినట్టుంది. దారిలో ఊళ్లు దాటుతుంటే ఇళ్ల మీద పొగ కనబడక సుందరం గారు అడిగారు, "ఈ పూట ఇక్కడ ఎవరూ వంట చేసుకోరా?"

బండివాడు వెనక్కి తిరగకుండానే చెప్పాడు. "మనుసులు ఓడలో ఉన్న ఇళ్లలో పొయ్యి ఎలిగించనేదు బాబూ. సచ్చిపోయారని అనుకోడం నేదు, బతికున్నారని అనుకోడం నేదు. పక్కింటోళ్లు గంజి పోత్తన్నారు, తాగుతున్నారు."

అభ్రకం

అరుగు నిండా జనం. దాలమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఈసారి నన్ను ఏమీ అడగలేదు.

కండెన్సర్ విప్పాను. బ్యాటరీకి తాకించి, ఆగి, ఫోను తాకిస్తే నిశ్శబ్దం. మొత్తం కారిపోయింది. నా సంచీలో ఉన్నవి టెలిగ్రాఫ్ కండెన్సర్లు, ఇటుకంత పెట్టెలు. ఈ మీటకు కావలసింది దాంట్లో వెయ్యో వంతు కూడా ఉండదు. అవి వేస్తే సెట్టు ఓడల్ని దాటి ఎవరూ లేని చోటికి పోతుంది. కలకత్తా నుంచి కొత్తది రావాలంటే ఎన్ని రోజులో.

"అభ్రకం ముక్క ఉంటే మనమే చేసుకోవచ్చు" అన్నారు సుందరం గారు. చుట్టూ చూశారు. ఆయన చూపు గ్రామఫోన్ మీద ఆగింది. వెంటనే తిప్పేసుకున్నారు.

గ్రామఫోన్ సూది పైన గుండ్రటి డబ్బీ ఉంటుంది. పాట దాంట్లోంచే పలుకుతుంది. అందులో వణికే పలచటి బిళ్ల అభ్రకందే. అది తీస్తే గ్రామఫోన్ మూగదవుతుంది. ఆ బిళ్ల మళ్లీ దొరకాలంటే ఏ మహానగరానికో రాయాలి, దొరుకుతుందన్న నమ్మకమూ లేదు.

నాయుడు ఆ చూపు గమనించాడు. "ఏటి ఇనస్పెక్టరు గారూ? దాన్ని సూసి మొగం తిప్పుకున్నారేటి?"

సుందరం గారు చెప్పారు. తీస్తే తిరిగి అతకడం కుదరదని కూడా చెప్పారు.

నాయుడు లేచి వెళ్లి డబ్బీని తన చేత్తోనే విప్పాడు. బిళ్లను అరచేతిలో పెట్టుకుని ఒక్కసారి దీపానికి ఎదురుగా పట్టి చూశాడు. దాంట్లోంచి దీపం తేనెరంగులో కనబడింది.

"తీసుకోండి. పాట నేకపోతే ఊరు బతకదేటి?"

దాలమ్మ స్తంభం దగ్గర్నించి మెల్లగా అంది: "ఆ పాటంటే నీకు పేనం కదా మావా."

"నువ్వూరుకోయే" అన్నాడాయన, అటు తిరిగి.

ఆ తర్వాత చేసింది కుర్రవాళ్లు జాగ్రత్తగా వినండి, ఇప్పటికీ పనికొస్తుంది. సుందరం గారు గడ్డం గీసుకునే బ్లేడు అంచుతో బిళ్లను పొరలుగా చీల్చారు. అభ్రకం ఉల్లిపొర కన్నా పలచగా విడుతుంది. సిగరెట్టు పెట్టెలోని వెండి రేకును కాగితం నుంచి ఒలిచి, బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్ద ముక్కలు రెండు కోశారు. పొరకు అటొకటి ఇటొకటి. రేకులు ఒకదాన్నొకటి తాకకుండా చుట్టూ అంచు వదిలారు. రెండు గాజుముక్కల మధ్య బిగించి, పొయ్యి వెలిగించని ఇంట్లో దీపం మీదే తేనెమైనం కరిగించి పోశాం. తేమ దూరకుండా.

బ్యాటరీకి తాకించి పక్కన పెట్టారు. అందరూ ఏమీ తెలియకపోయినా ఊపిరి బిగబట్టారు. సముద్రం ఒక్కటే వినబడుతోంది. ఆయన ఫోను తాకించి, దాన్ని నా చెవికి పెట్టారు.

టక్. సన్నగా, దూరంగా, ఎవరో తలుపు మీద గోటితో తట్టినట్టు.

సెట్టులో పెడితే మొదట ఓడల చోటు కాస్త పక్కకు పోయింది. రేకు ఎక్కువైందన్నమాట. ఆయన విప్పి, రేకు అంచును బ్లేడుతో రవ్వంత గీకి, మళ్లీ పెట్టారు. ఇంకోసారి గీకారు. మూడోసారికి పిట్ట కూతలు మొదలయ్యాయి.

రెండు చెవులు

పొద్దు వాలుతోంది. ఆ వేళకే దూరపు ఓడలు వినబడడం మొదలవుతుంది. ఫోను ఒక్కటే ఉంది. ఒక చెవిది నేను, ఇంకో చెవిది ఆయన పెట్టుకుని, తలలు ఆనించి కూర్చున్నాం. ఎప్పుడూ ఎవరినీ దగ్గరికి రానివ్వని మనిషి ఊపిరి నా చెంపకు తగులుతోంది.

మెరుపుల గరగర. దాని వెనక కలకత్తా. దాని వెనక ఎవరో ఇద్దరు తీరిగ్గా సరుకు గురించి మాట్లాడుకుంటున్నారు. ఎంతసేపు అలా కూర్చున్నామో నాకు తెలియదు. కళ్లు మూసుకుంటే నేను నీళ్ల మీద తేలుతున్నట్టుంది. కూతలు నా చుట్టూ వచ్చి పోతున్నాయి, ఏదీ మాకు కావలసింది కాదు.

అప్పుడు వచ్చింది. ఇంకో ఓడ ఏదో రంగం స్టేషన్‌కు కబురు చెబుతోంది. అందులో మా ఓడ పిలుపు ఉంది. నా చెయ్యి దానంతటదే లేవబోయింది. సుందరం గారు నా మణికట్టు పట్టుకున్నారు. గట్టిగా. విన్నాం. మొదటినుంచీ చివరిదాకా విన్నాం. తర్వాత ఆ ఓడ అదే కబురు మళ్లీ చెప్పింది. మళ్లీ విన్నాం.

ఆయన ఫోను తీసి కింద పెట్టారు. అరుగంతా మమ్మల్నే చూస్తోంది.

"మేము విన్న మాట మాది కాదు" అన్నారు సుందరం గారు నేలకేసి చూస్తూ. "ఓడవాళ్లు రంగానికి చెప్పుకున్నది. అది మీకు చెప్పే హక్కు మాకు లేదు."

ఎవరో ఆడమనిషి ఏడుపు అందుకుంది. నేను ఆయన వైపు చూశాను. ఆ క్షణం నాకు ఆయన మీద కలిగిన అసహ్యం ఇప్పటికీ గుర్తుంది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆయన పిడికిలి నా మణికట్టును ఇంకా వదల్లేదు.

దాలమ్మ లేచి వచ్చి ఆయన ఎదుట నిలబడింది.

"బాబూ, సెప్పకూడదంటే సెప్పొద్దు. నాను ఓడ సంగతి అడగను. నాను ఇంటికెళ్లి బియ్యం కడగొచ్చునా? అది సెప్పండి సాలు."

సుందరం గారు తల ఎత్తారు. ఆవిడ మొహంలోకి చూశారు.

"కడుగమ్మా" అన్నారు. "రెండు గుప్పిళ్లు ఎక్కువే కడుగు."

దాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఏడుస్తున్న ఆడమనిషి ఏడుపు ఆపి, "నాను?" అని అడిగింది. ఆయన తల ఊపారు. ఇంకొకరు అడగలేదు, ఆయన మొహం చూసి లేచారు. ఒక్కొక్కరే లేచి వెళ్లారు. బండి తోలుకొచ్చినవాడు స్తంభం కింద కూలబడి నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా ఉన్నాడు.

కొంతసేపటికి కొబ్బరిచెట్ల మధ్య నుంచి పొగ లేచింది. ఒక ఇంటిది. తర్వాత ఇంకో ఇంటిది. తేమగాలికి పైకి పోలేక ఆ పొగంతా చెట్ల మొదళ్లలో తెల్లగా నిలిచింది, ఊరు మబ్బులో ఉన్నట్టయింది. అన్నం ఉడికే వాసన వచ్చింది.

తర్వాత

ఓడను ముందుకు తోసే తెడ్డుచక్రం ఇరుసు విరిగింది. గాలిలో కొట్టుకుపోయి, ఇంకో ఓడకు కనబడి, దాని వెంట తాడు కట్టుకుని రంగం వైపు వెళ్తోంది. అందరూ క్షేమం. మేము విన్నది అదే. ఏజెంటు కాగితం ఊరికి చేరడానికి చాలా రోజులు పట్టింది. సిమ్మయ్య మరుసటి ఏడు రంగం వెళ్లలేదు. జీడితోట కౌలుకు తీసుకున్నాడు. నాయుడి గ్రామఫోన్ చాలాకాలం మూగగానే ఉంది. ఆయన దాని మూత రోజూ తుడిచేవాడని విన్నాను.

సుందరం గారు రూలు తప్పారా? ఈ ప్రశ్న నాకు నేనే చాలాసార్లు వేసుకున్నాను. కుర్రవాళ్లు కొందరు, రూలు ఎంత దుర్మార్గమో చూశారా అంటారు. కాదు. టెక్కలిలో కుప్పకూలిన మనిషి సంగతి నేను మరచిపోలేదు. నోటిమాట ఎంత తేలిగ్గా తిరగబడుతుందో నాకు తెలుసు. అందుకే ఆయన రెండోసారి కూడా పూర్తిగా విన్నారు, ఆ తర్వాతే తల ఎత్తారు. మన పనిలో జాలి ఉండాలి. ఖాయం చేసుకోకుండా జాలి చూపించడం మాత్రం తప్పు. నా అభిప్రాయం ఇది. ఒప్పుకోని వాళ్లు ఉంటారు, ఉండనివ్వండి.

ఆ సాయంత్రం నాయుడు మమ్మల్ని భోజనానికి ఉండమన్నాడు. సుందరం గారు వద్దన్నారు. ఇంకా కాస్త వెలుతురు ఉండగానే బండి కట్టించుకుని బయల్దేరాం. ఊరి పొగలోంచి బయటపడి తోటల దారి పట్టాం. మబ్బు పడమట పగిలి, ఇసుక మీద ఎర్రటి వెలుగు సన్నగా పడింది.

"రమణా" అన్నారు. నన్ను పేరుతో పిలవడం అదే మొదటిసారి. "నేను ఆవిడతో ఏమన్నాను?"

"బియ్యం కడగమన్నారండి."

"ఇంకేమైనా అన్నానా?"

"రెండు గుప్పిళ్లు ఎక్కువ కడగమన్నారు."

"అంతే కదా?"

"అంతేనండి."

ఆయన కోటు పై బొత్తాం విప్పుకుని, బండి చట్రానికి తల ఆనించి కళ్లు మూసుకున్నారు.